అండాలు మెడలోని పిన్నీసు

నేను ఒక పిన్నీసును. ఈ మాట వినగానే ఆడవాళ్ల చెయ్యి గాజుల దగ్గరికో, మెడలో గొలుసు దగ్గరికో పోయి ఉంటుంది. మగవాళ్లు "పిన్నీసుకు కూడా ఆత్మకథేనా!" అని నవ్వుకొని ఉంటారు. నవ్వండి. నలుగురిలోకి పోబోయే ముందు చొక్కా గుండీ ఊడినప్పుడు ఇల్లంతా కేకలేసి నన్ను వెతికించేది మీరే కదా. పని తీరాక ఏ కిటికీ గూట్లో పడేశారో మళ్లీ మీకే గుర్తుండదు. నాకు కోపమేమీ లేదు. ముక్కుసూటిగా మాట్లాడటం పుట్టుకతో వచ్చిన గుణం, అంతే.

అయినా మీ కిటికీ గూళ్లలో ఉన్న నా చుట్టాలెవరూ చూడనిది నేను చూశాను. నూట ఎనిమిది దేశాల అందగత్తెలను ఒకే గదిలో చూశాను. ఆ వింత తలచుకుంటే ఇప్పటికీ నా నడుము చుట్టు జలదరిస్తుంది. ముందు నేను పుట్టిన సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, రేకుల కప్పు కింద. ఒక యంత్రం ఉక్కుతీగను తెంపింది, ఇంకొకటి కొసను అరగదీసి మొన తేల్చింది. తర్వాత నడుము దగ్గర పట్టి గిర్రున ఒక చుట్టు తిప్పారు. నా ప్రాణమంతా ఆ చుట్టులోనే ఉంది. అది బిగువుగా ఉన్నన్నాళ్లే నేను పిన్నీసును, వదులైతే వంకర తీగను. తలకు టోపీ పెట్టి, తళతళలాడే నీళ్లలో ముంచి తీసి, నాకు పదకొండు చిన్న పిన్నీసులను గుచ్చారు. పిన్నీసులను అట్లా గుత్తిగా అమ్మడం మీరు చూసే ఉంటారు. ఆ గుత్తిని మోసే పెద్దది ఒకటుంటుంది చూడండి, అది నేను. పుడుతూనే పదకొండుమందిని మోసినదాన్ని కాబట్టి నాకు కాస్త గర్వం కూడా ఉంది. దాచుకోవడం ఎందుకు?

చౌటుప్పల్ సంతలో గాజుల దుకాణం ముందు వేలాడుతుంటే ఒకామె వచ్చి మిగతావాటిని వదిలేసి నా నడుము నొక్కి చూసింది.

"చుట్టు గట్టిగున్నదా అన్నా? ఊకె సాగుతదా?"

"నీ మనుమరాలి పెండ్లి దాక సాగదు, తీస్కపో," అన్నాడు దుకాణదారు.

ఆమె పేరు రాపోలు అండాలు. చౌటుప్పల్‌కు ఆరు మైళ్ల అవతల చేనేత ఊరు వాళ్లది. భర్త నర్సయ్య మగ్గం నేస్తాడు. నాతో వచ్చిన పదకొండుమందీ ఏడాది తిరగకుండానే చెల్లాచెదురయ్యారు. ఒకటి బడి సంచికి, ఒకటి తెగిన చెప్పుకు, ఒకటి పెళ్లివారింట్లో ఎవరి పైటకో పోయి మళ్లీ రాలేదు. నన్ను మాత్రం అండాలు తన పుస్తెలతాడుకు తగిలించుకుంది. పదకొండేళ్లు ఆమె గుండె మీదే వేలాడాను. ఊపిరి తీసినప్పుడల్లా పైకి లేచాను, వదిలినప్పుడల్లా కిందికి దిగాను.

అంత దగ్గరగా ఉన్నా ఒక ముచ్చట మాత్రం తీరలేదు. నన్ను ఏనాడూ చీరకు పెట్టలేదు! పట్టుకు పిన్నీసు పెడితే కన్నం పడుతుంది. చీర నేసే ఇంట్లో అంతకు మించిన పాపం లేదు. "పట్టుకు పిన్నీసు గుచ్చిన చేయిని మగ్గం కాడికి రానియ్య," అని ఆమె అత్త కాపురానికి వచ్చిననాడే చెప్పిందట. లంగాలో నాడా ఎక్కించడం, కాలి ముల్లు తీయడం, దారానికి రంగు అంటకుండా కట్టే చిటికి ముడులు బిగుసుకుపోతే విప్పడం, ఇవీ నా పనులు. పట్టుచీరల ఇంట్లో ఉండి పట్టు ముట్టని బతుకు నాది.

నా మీద ఇంకో ఆంక్ష కూడా ఉండేది. పక్కింటామె పిన్నీసు అడిగితే అండాలు ఎప్పుడూ చేతికి ఇచ్చేది కాదు. గడప మీదో, పీట మీదో పెట్టేది, ఆమె తీసుకునేది. సూదీ పిన్నీసూ చేతికి చెయ్యి ఇస్తే ఇద్దరికీ తగాదా వస్తుందట. పంపు నీళ్ల దగ్గర రోజూ జుట్లు పట్టుకునే మనుషులు, తగాదా మాత్రం నా వల్లే వస్తుందని ఎట్లా నమ్మారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఇక అండాలు పని చూడాలి మీరు. చీర అంటే మగ్గం మీద పుడుతుందనుకుంటారు అందరూ. దానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా వరసగా మేకులు కొట్టిన చెక్క ఒకవైపు, దానికి ఎదురుగా ఒకే ఒక్క మేకు. ఆ ఒక్క మేకు నుంచి వరస మేకులకు, వరస నుంచి మళ్లీ ఆ ఒక్కదానికి, దారాన్ని చేత్తో పోస్తూ పోవాలి. ఒక చీరకు తొమ్మిదివేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడుతుంది. ఒక్కసారి లెక్క తప్పితే మొగ్గ ఉండాల్సిన చోట మరక వస్తుంది. ఆ పోసిన దారానికి రబ్బరు పట్టీలతో చిటికి కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోటికి రంగు పోదు. విప్పి చూస్తే ఎర్ర దారం నడుమ తెల్లటి చోటు! ఇంకా నేయని పువ్వు దారంలో అప్పటికే ఉందన్నమాట. నేను ఎన్ని వందలసార్లు చూశానో, ప్రతిసారీ నోరు తెరుచుకుని చూశాను. పిన్నీసుకు నోరు తెరుచుకోవడం పెద్ద కష్టం కాదులెండి.

ఆ పనంతా అండాలుదే. రాత్రి కుడి భుజానికి తవుడు కాపడం పెట్టుకునేది కూడా ఆమే. చీర మీద పేరు మాత్రం నర్సయ్యది. నేత కార్డులో పేరు ఆయనది, చేనేత సంఘంలో పేరు ఆయనది. నర్సయ్య చెడ్డవాడు కాదు. పేరు అడిగినవాళ్లకు తన పేరు చెప్పేవాడు, అంతే. ఇంకో పేరు చెప్పాలని ఆయనకు తోచలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఇట్లా రోజులు గడుస్తుండగా జగత్సుందరి పోటీలు హైదరాబాదుకు వచ్చాయి. పోటీకి వచ్చిన పిల్లలకు మన నేత చూపిస్తామని బస్సుల్లో మా ఊరికి తీసుకొచ్చారు. నేను అండాలు గుండె మీద నుంచి వాళ్లను చూస్తూ ఉండిపోయాను. ఏం ఎత్తులు, ఏం నడకలు! ఒక పిల్ల కళ్లు సముద్రం రంగులో ఉన్నాయి. ఇంకో పిల్ల జుట్టు ఎండుగడ్డి రంగు. వెడల్పాటి ముఖాలు, కోల ముఖాలు, పాల మీగడ రంగు నుంచి కాటుక రంగు దాకా. దేవుడు మనుషులను చేసేటప్పుడు ఒక్క అచ్చుతో ఊరుకోలేదని నాకు ఆరోజు తెలిసింది.

అందులో ఒక పిల్ల అండాలు ఆసు ముందు ఆగిపోయింది. పేరు మమెల్లో. ఆఫ్రికాలో లెసోతో అని కొండల దేశముందట, అక్కడి పిల్ల. నున్నగా గీసిన తల, నల్లటి నలుపు, నవ్వితే బుగ్గన సొట్ట. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తానూ ఆసు పోస్తానంది. ఇరవైసార్లు పోసేసరికి దారం చిక్కుపడింది, చెయ్యి లాగింది. మొత్తం ఎన్నిసార్లని అడిగితే వెంట వచ్చిన దుబాసి చెప్పాడు. ఆ పిల్ల తన భుజం పట్టుకుని, అండాలు భుజం వంక చూసింది.

"ఈ చీరలు చేసింది ఎవరు?" అని అడిగింది తర్వాత. అందరూ నర్సయ్యను చూపించారు. నర్సయ్య నమస్కారం పెట్టాడు. మమెల్లో నమస్కారం పెట్టింది కానీ కళ్లు మళ్లీ అండాలు వైపే తిప్పింది.

లేవబోతూ ఆ పిల్ల నన్ను చూసింది. పకపకా నవ్వి, తన గుండె మీద చెయ్యి పెట్టి, బెత్తెడు పొడవు చూపించింది. వాళ్ల దేశంలో ఉన్ని కంబళి కప్పుకుని గుండె మీద ఇంత పెద్ద పిన్నీసు పెడతారట. వాళ్ల అమ్మమ్మ తన పిన్నీసును ఈ పిల్లకిచ్చి పంపింది. అదెప్పుడూ ఒంటి మీదే ఉండాలి, పెట్టెలో పెట్టకూడదని అమ్మమ్మ మాట. ఈ పిల్ల మాట దాటకుండా ఒంటి మీదే పెట్టుకుని విమానం ఎక్కబోయింది. దారిలో ఒక విమానాశ్రయంలో సోదా యంత్రం కుయ్యిమంది, కత్తెర్లతో పాటు ఆ పిన్నీసునూ లాగేసుకున్నారు. చెబుతుంటే నవ్వు పోయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీ బిడ్డా, ఇనుపదే గద, మల్ల దొరుకుతది," అంది అండాలు. దుబాసి అది చెప్పాడో లేదో నాకు తెలియదు.

పోటీలో ముఖ్యమైన సాయంత్రం ఒకటి వచ్చింది. ముందు మన చీరల నడక, ఆ తర్వాత ఎవరి దేశపు దుస్తుల్లో వాళ్ల నడక. మా ఊరి చీరలు పద్నాలుగు ఎంచుకున్నారు. నేసినవాళ్లను సభలో కూర్చోబెట్టారు. నర్సయ్య తెల్లచొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. చీరలు కట్టడానికి ఆడవాళ్లు కావాలంటే అండాలు లోపలికి వచ్చింది. ఆమె వెంట నేనూ వచ్చాను.

ఆ గదిని నేనెట్లా వర్ణించను! గోడ పొడుగునా అద్దాలు, అద్దం చుట్టూ దీపాలు, ఆ దీపాల్లో నూట ఎనిమిదిమంది. నవ్వు ఆరిపోకుండా పళ్లకు వాజలీను రాసుకుంటున్న పిల్లను చూశాను. మడమలు కొట్టుకుపోయి నెత్తురు కారుతుంటే పట్టీ అంటించుకుని, అదే చెప్పులో మళ్లీ కాలు దూర్చిన పిల్లను చూశాను. ఒకతె మూలన కూర్చుని ఫోనులో వాళ్లమ్మతో ఏదో భాషలో గొణుగుతోంది. భాష తెలియకపోయినా "భయంగా ఉందమ్మా" అంటోందని నాకు అర్థమైంది. వీళ్లు పోటీదారులు కదా, ఒకరి కాళ్లు ఒకరు లాగుకుంటారనుకున్నాను. ఒకతె వీపు మీది జిప్పు ఇంకొకతె లాగుతోంది, ఒకతె కనురెప్ప ఇంకొకతె అతికిస్తోంది. అందం అంటే ముఖమే అనుకునేదాన్ని. ఆ నెత్తురు మడమ చెప్పులోకి దూరినప్పుడు నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది.

అక్కడ అలంకరణకు పెద్ద నీలోఫర్. పాతబస్తీ మనిషి. మణికట్టుకు పిన్నుల దిండు కట్టుకుని తూనీగలా తిరుగుతుంది. మమెల్లోకు ఎర్రచీర కట్టే వంతు అండాలుకే వచ్చింది. ఎర్రనేల మీద తెల్లమొగ్గలు, ఆమె పోసిన ఆసే.

"అమ్మా, జర ఆగు. పిన్నులు కొడ్తా. కుచ్చిళ్లకు ఆరు, భుజానికి నాలుగు," అంటూ నీలోఫర్ వచ్చింది.

అండాలు అడ్డం నిలబడింది. "ఒక్కటి గూడ పెట్టొద్దు. పట్టుకు కన్నం వడ్తది."

"నడుస్తుంటే ఊడిపోతే? దునియా మొత్తం చూస్తది అమ్మా!"

"నేను పొద్దంత మగ్గం గుంతల దిగుత, ఎక్కుత. ముప్పై ఏండ్లయింది. ఏనాడన్న ఊడిందా? నేను కట్టినంక ఊడది."

నీలోఫర్ మమెల్లో వైపు చూసింది. సంగతి ఇంగ్లీషులో చెప్పింది. నడిచేది తను, పరువు తనది, తీర్పూ తనదే. మమెల్లో అండాలు చేతులు చూసింది, ఆ కుడి భుజం చూసింది. సరేనని తల ఊపింది.

చీర కట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని అండాలు అంది: "నా రంగే ఈ బిడ్డది. నన్ను నల్లదానా నల్లదానా అని పిలిచిన్రు. ఎర్రచీర మన రంగుకే ఒప్పుతది, సూడుర్రి." నీలోఫర్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి మమెల్లో బుగ్గన సొట్ట పడింది.

చీర ఊడలేదు. ఒక్క కుచ్చిలి కదలలేదు. మేము తెర పక్కన నిలబడి చూశాం. ఎత్తు చెప్పులు, మెట్లు, గాలి పంకాలు, ఇన్నిటి మధ్యా ఆ ఎర్రచీర చెప్పినమాట విన్నట్టు నడిచింది. వెనక గోడంత తెర మీద పెద్ద అక్షరాలు వెలిగాయి. అండాలు కూడబలుక్కుని చదివింది: "నేసినవారు: రాపోలు నర్సయ్య." చదివి, కుడి భుజం ఒకసారి నిమురుకుంది. "మంచిగ రాసిన్రు," అంది. ఆమె ఊపిరి తీసి వదలడానికి మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది. గుండె మీద వేలాడే నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

అసలు గండం తర్వాత వచ్చింది. దేశపు దుస్తుల నడకకు మమెల్లో కంబళి తీసింది. దళసరి ఉన్ని, మొక్కజొన్న కంకుల బొమ్మ. వాళ్ల అమ్మమ్మ తన ఒంటి మీద నుంచి తీసి ఇచ్చిన కంబళి. కొండల్లో ఆ ఊరంతా ఒక ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూస్తున్నారట. నిర్వాహకులు రాళ్లు పొదిగిన మెరుపు పిన్ను ఒకటి ఇచ్చారు. కంబళి రెండు అంచులూ కలిపి గుచ్చగానే టిక్కుమని విరిగి నేల మీద పడింది. మెరిసేదంతా బంగారం కాదంటారు, అది ఇనుము కూడా కాదు.

నీలోఫర్ దగ్గరున్నవన్నీ సన్నపు పిన్నులు, ఉన్నిలో దిగగానే వంగిపోయాయి. "కుట్టేస్తా, రెండు నిమిషాల పని," అంది. మమెల్లో వద్దని తల అడ్డంగా ఊపింది. కుడితే అది కంబళి కాదు, సంచి అవుతుంది, పిన్నీసు లేకుండా దాన్ని కప్పుకోవద్దని అమ్మమ్మ చెప్పిందట. బయట మైకులో పేర్లు పిలుస్తున్నారు. దుస్తులు సిద్ధం కానివాళ్ల వంతు తీసేస్తారని ముందే చెప్పారు. మమెల్లో వంతుకు ముందు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. నీలోఫర్ పక్క గదిలో వెతకడానికి పరుగెత్తింది.

అండాలు పుస్తెలతాడు మీద చెయ్యి వేసింది. నా టోపీ మీద బొటనవేలు ఆనింది. నన్ను తన గుండె మీద నుంచి తీసింది.

మమెల్లో ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ దోసిలి పట్టింది. పెద్దవాళ్లు ఇచ్చేది రెండు చేతులతో అందుకోవాలని ఆ పిల్లకు ఇంట్లో నేర్పారు. అండాలు ఆ దోసిలి దాటుకుని పోయి, నన్ను అద్దం ముందు బల్ల మీద పెట్టింది. పెట్టి, తీసుకోమన్నట్టు నిలబడింది.

దోసిలి అట్లాగే ఉండిపోయింది. మమెల్లో ముఖంలో వెలుగు ఆరిపోయింది. మెడలో పవిత్రంగా వేసుకున్న వస్తువు, ఇవ్వబోయి మనసొప్పక పక్కన పెట్టేసిందనుకుంది. ఇవ్వనిది తాకకూడదు కాబట్టి తాకలేదు. అండాలుకేమో ఈ పిల్ల ఎందుకు తీసుకోదో అర్థం కాలేదు. "తీస్కో బిడ్డా," అంది. ఆ పిల్లకు తెలుగు రాదు. "ఏం, ఇనుపదని సిన్నతనంగున్నదా?" అంది నొచ్చుకుని. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరివీ మంచి మర్యాదలే. ఆ రెండు మర్యాదల మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కలా పడి ఉన్నాను. బయట తొమ్మిది ఆరు అయింది, ఆరు నాలుగైంది. నోరుంటే అరిచేదాన్ని. నాకు తెరుచుకునే నోరే కానీ అరిచే నోరు లేదు.

మమెల్లో మెల్లగా కంబళి మడత పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు ఉత్త చేతులతో నీలోఫర్ తిరిగొచ్చింది. బల్ల మీద నన్ను చూసింది, ఇద్దరి ముఖాలూ చూసింది. మా వైపు ఆడమనిషి కదా, ఒక్క చూపుకే అర్థమైంది.

"అరే! పిన్నీసు చేతికి ఇయ్యరు వీళ్లు. ఇస్తే మీ ఇద్దరి నడుమ లడాయి వస్తదని భయం. నీతో జిందగీల లడాయి వద్దనుకుంటుంది ఈ అమ్మ," అని ఇంగ్లీషులో చెప్పింది, మళ్లీ తెలుగులో అండాలుకూ చెప్పింది.

మమెల్లో ఒక్క గెంతులో వచ్చి బల్ల మీద నుంచి నన్ను తీసి ముద్దు పెట్టుకుంది. నిజం చెబుతున్నాను, పుట్టిన తర్వాత నాకు అదే మొదటి ముద్దు.

కానీ నేను సరిపోవాలి కదా! బెత్తెడు పిన్నీసు మోసిన బరువు నా వేలెడు ఒళ్లు ఎట్లా మోస్తుంది? అండాలు కంబళి అంచులు చేత్తో నొక్కి చూసింది. "గొంగడి లెక్కనే ఉన్నది," అంది. కొంగున ముడివేసుకున్న చిటికి రబ్బరు పట్టీ తీసింది. రెండు అంచులూ కుదించి పట్టి, లోపలివైపు గట్టిగా చిటికి కట్టింది. మగ్గం ఇంటి ముడి అది, మరుగుతున్న రంగులో ముంచినా వదలదు, కొస పట్టి లాగితే మాత్రం ఒక్కసారిగా విడిపోతుంది. ఆ ముడి కనబడకుండా పైన నన్ను పెట్టింది. "మీ అమ్మమ్మ పిన్నీసు పెట్టుమన్నది గని, కింద ముడి వద్దనలే గద!"

అంటే బరువంతా ముడిది, పేరు నాది. ఆ లెక్కన నేనూ ఒక నర్సయ్యనే. కాస్త సిగ్గేసింది.

మమెల్లో వేదిక ఎక్కింది. దీపాలన్నీ ఒక్కసారి మా మీదికి తిరిగాయి. అంత వెలుగు ఉంటుందని నాకు తెలియదు. ఎదురుగా చీకట్లో వేలమంది జనం, పక్కన గోడంత తెర. ఆ తెర మీద నేను! ఇంటిగడప అంత పొడవు, ఒంటి మీద మెరుపు, టోపీ మీద పాత గీతలు కూడా కనబడుతున్నాయి. అక్కడ ఉన్నది నేనేనా అని నాకే నమ్మకం కుదరలేదు. నా కింద ఆ పిల్ల గుండె ధడధడా కొట్టుకుంటోంది. అండాలు గుండె నెమ్మది. అయినా రెంటి చప్పుడూ ఒకటేనని నాకు అనిపించింది.

వేదిక మీది వ్యాఖ్యాత ప్రతి పిల్లనూ ఒక ప్రశ్న అడుగుతున్నాడు. మమెల్లోను, ఒంటి మీద ఉన్నవాటిలో నీకు అన్నిటికంటే విలువైనది ఏదని అడిగాడు. అందరూ కంబళి గురించి చెబుతుందనుకున్నారు. ఆ పిల్ల నా మీద చెయ్యి వేసింది. నాకు ఇంగ్లీషు రాదు, నీలోఫర్ తర్వాత చెబితే విన్నాను. అన్న మాటలు ఇవి: "ఈ పిన్ను. అండాలు అనే ఆమె తన మెడలోంచి తీసి నాకిచ్చింది. ఇందాక నేను కట్టుకున్న ఎర్రచీరకు తొమ్మిదివేలసార్లు చెయ్యి ఆడించి ఆసు పోసిందీ ఆమే. తెర మీద ఆమె పేరు లేదు. అందుకని నేను చెబుతున్నాను. అండాలు."

ఆ ఇంగ్లీషు నడుమ నాకు అర్థమైనవి రెండే మాటలు, అండాలు, ఆసు. తెర పక్కన ఉన్న ఆమెకూ అంతే. తన పేరు వినబడగానే వేదిక మీదికి పరుగెత్తబోయిందట.

"ఊడిందా? ముడి ఊడిందా?"

నీలోఫర్ నడుం పట్టుకుని ఆపింది. "ఊడలే అమ్మా. నీ పేరు చెప్పింది. చీర నువ్వు చేసినవని దునియా మొత్తానికి చెప్పింది."

వేదిక మీద మమెల్లో నన్ను విప్పింది, ముడి కొస లాగింది. కంబళి రెండు రెక్కలూ చాచి విచ్చుకుంది, మొక్కజొన్న కంకులన్నీ దీపాల్లో పండినట్టు కనబడ్డాయి. చప్పట్లు మోగాయి. పిడికిట్లో ఉన్న నాకు అదంతా వేళ్ల సందుల్లోంచి వానలా వినబడింది. అండాలు చప్పట్లు కొట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుండిపోయిందట.

మూడో వరసలో పక్కన కూర్చున్నాయన "అండాలు ఎవరండీ?" అని అడిగాడట నర్సయ్యను. "నా భార్య," అన్నాడట ఆయన. మర్నాడు బస్సు దగ్గర నేను వింటుండగానే ఆ సంగతి తనే చెప్పాడు. "గంతనే అన్నవా?" అని అండాలు అడిగితే తల గోక్కుని, "లే. ఆసు లేకుంటె చీర లేదు, ఆమెనే పోస్తది అని చెప్పిన," అన్నాడు. ముప్పై ఏళ్లకు ఆయనను ఒకరు అడిగారు, ఆయన చెప్పాడు.

కిరీటం మమెల్లోకు రాలేదు. ఎండుగడ్డి జుట్టు పిల్లకు వచ్చింది. మంచి పిల్లే, పక్కవాళ్ల కనురెప్పలు అతికించింది ఆమే. అయితే ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ రాళ్ల కిరీటం నెత్తి మీద నిలబడింది ఆరు జడపిన్నుల చలవతోనే. ఆ సంగతి ఏ మైకులోనూ రాలేదు.

మర్నాడు పొద్దున నేతవాళ్ల బస్సు బయలుదేరుతుంటే మమెల్లో పరుగున వచ్చింది. మామూలు చొక్కా, ముఖాన రంగు లేదు, కాళ్లకు ఉత్త స్లిప్పర్లు. అరుగు లాంటి రాతిబల్ల ఉంటే దాని మీద నన్ను జాగ్రత్తగా పెట్టి వెనక్కి జరిగింది, తీసుకోమన్నట్టు. ఒక్క రోజులో మా ఆచారం నేర్చేసుకుంది! నీలోఫర్ పక్కనే ఉండి నవ్వుతోంది.

అండాలు నన్ను తీసింది. అలవాటు కొద్దీ పుస్తెలతాడు దాకా తీసుకుపోయింది. అక్కడ ఆగింది. నేను ఇంటికి వచ్చేశాననే అనుకున్నాను.

ఆమె మమెల్లో దగ్గరికి నడిచి, ఆ పిల్ల చెయ్యి లాగి, అరచేతిలో నేరుగా నన్ను పెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ మూసింది.

"అయ్యో అమ్మా, చేతికిస్తున్నవు! లడాయి వస్తది!" అంది నీలోఫర్.

"రానీ," అంది అండాలు. "జెప్పు ఆ బిడ్డకు. మా ఇద్దరి నడుమ కొట్లాట వడ్తది. కొట్లాడనీకన్న మల్ల రావాలె."

నీలోఫర్ కళ్లు తుడుచుకుని ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. మమెల్లో అండాలు మెడ చుట్టూ చేతులు వేసింది. పిడికిట్లో నేనుండగానే ఆ గుండెలు రెండూ ఒకదానికొకటి తగిలాయి.

ఈసారి నన్ను పెట్టె అడుగున, సాక్సులో చుట్టి తీసుకుపోయింది. మనుషులకు బుద్ధి వస్తుంది, కాకపోతే ఒక పిన్నీసు పోవాలి.

ఇప్పుడు నేను కొండల మీద ఉన్నాను. గుర్రాలు తిరిగే దారులు, మొక్కజొన్న చేలు, చలికాలంలో నేలంతా మంచు. మమెల్లో అమ్మమ్మ నన్ను మొదటిసారి చూసినప్పుడు, ఇంత చిన్నదా అని పళ్లు లేని నోటితో నవ్వింది. తనకు మళ్లీ బెత్తెడు పిన్నీసు కొనుక్కుంది. నన్ను కంబళి లోపలివైపు, గుండెకు ఆనేచోట గుచ్చింది. ఆమె ఊపిరి తీసినప్పుడు పైకి లేస్తాను, వదిలినప్పుడు కిందికి దిగుతాను. ఈ పని నాకు బాగా తెలిసిందే.

మమెల్లో పట్నంలో పిల్లలకు చదువు చెబుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా కంబళి అంచు తిప్పి నన్ను చూసి పోతుంది. అండాలుతో ఆ కొట్లాట ఇంకా రాలేదు. నా నడుము చుట్టు మాత్రం గట్టిగానే ఉంది.